పాత ల్యాప్‌టాపులోని పంచాయతీ కాగితములు కొత్త కంప్యూటరునకు చేర్చుట ఎట్లు?

మన గ్రామ పంచాయతీ కార్యాలయములలో పెక్కింట, బీరువా పై అఱలోనో బల్ల సొరుగులోనో, పాత ల్యాప్‌టాపు ఒకటి పడియుండును. మూతపై దుమ్ము పేరుకొనియుండును; బ్యాటరీ నిలువదు; తెఱ వెలుగుటకు అయిదు నిమిషములు పట్టును. కొత్త కంప్యూటరు వచ్చినది గదా, ఇక దీనితో పని యేమి యని దానిని మఱచిపోవుట సహజమే. అయితే పది పదునైదేండ్ల క్రిందట టైపు చేసిన ఇంటిపన్ను డిమాండు పట్టికలు, ఇండ్ల నిర్మాణమునకిచ్చిన అనుమతుల ప్రతులు, గ్రామసభ తీర్మానములు, కుళాయి కనెక్షనుల జాబితాలు అందులోనే యుండవచ్చును. 24-4-2020న ప్రారంభమైన ఈ-గ్రామ స్వరాజ్ పోర్టలులో పంచాయతీల ప్రణాళికలు, జమాఖర్చులు నమోదగుచున్నవి. కాని కార్యాలయములో మనము సొంతముగా టైపు చేసికొనిన కాగితములు దానంతట అవి ఆ పోర్టలునకు నడచిపోలేదు.

ఒక ఉదాహరణము చూడుడు. తండ్రి పేర నున్న ఇల్లు 2011లో ఇద్దరు కుమారుల పేర విడివిడిగా నమోదైనదనుకొందము. ఆనాటి రిజిస్టరులోని పుటలను చెదలు తినివేసినవి. నేడు చిన్న కుమారుడు బ్యాంకు అప్పు కొఱకు ధ్రువపత్రము అడుగుచున్నాడు. మిగిలిన ఆధారము ఆ ల్యాప్‌టాపులోని పట్టిక యొక్కటియే. అతనికి గాని, సమాచార హక్కు చట్టము, 2005 క్రింద దరఖాస్తు పెట్టినవానికి గాని, "ల్యాప్‌టాపు తెఱచుకొనుట లేదు" అనునది జవాబు కానేరదు.

కావున ఆ కాగితములను కొత్త కంప్యూటరునకు చేర్చు మార్గము సభ్యులకు తెలిసియుండుట అవసరము. సర్పంచిగాని, వార్డు సభ్యులుగాని తామే కూర్చుండి ఈ పని చేయనక్కరలేదు. కార్యదర్శియో, కంప్యూటరు ఆపరేటరో చేయుదురు. కాని ఏమి జరుగుచున్నదో యెఱిగి యుండిన గాని, ఏమి అడుగవలయునో తెలియదు. తెలియనిచో, ల్యాప్‌టాపును పట్టణములోని దుకాణమునకు పంపి, ఊరివారి ఆధారు నకళ్లతో సహా సమస్తమును పరాయివాని చేతిలో పెట్టుట జరుగును.

రెండు జాతుల యంత్రములు

పాత ల్యాప్‌టాపులలో సామాన్యముగా 2001లో వెలువడిన విండోస్ ఎక్స్‌పి గాని, 2009లో వెలువడిన విండోస్ 7 గాని యుండును. కొత్త కంప్యూటరులో విండోస్ 11 ఉండవచ్చును. ఉబుంటు గాని, సి-డాక్ సంస్థ రూపొందించిన 'బాస్' గాని, అనగా లినక్సు జాతికి చెందిన ఆపరేటింగ్ సిస్టమ్, ఉండవచ్చును. లినక్సున్నచోట, పాతది ఒక జాతి, కొత్తది వేఱొక జాతి అగుచున్నవి. ఈ వ్యాసములో ముఖ్యముగా ఆ సందర్భమునే తీసికొనుచున్నాము. విండోస్ 11 ఉన్నవారికి వర్తించు భేదములను అక్కడక్కడ చెప్పెదము.

జాతులు వేఱైనంత మాత్రమున అవి మాటలాడుకొనలేవని భయపడనక్కరలేదు. తీగ కలియవలెను, తీగపై మాటలాడు భాష కలియవలెను, చేరిన కాగితములోని లిపి కూడ అవతల చదువబడవలెను. మొదటిది అన్నిటికంటె సులభము. రెండవదియే పెక్కుమంది ఆపరేటర్లను చిక్కుపెట్టునది. మూడవదానిని చాలమంది తలపెట్టనే తలపెట్టరు. పని పూర్తియైనదనుకొని పాత యంత్రమును వదలివేసిన పిదప దాని సంగతి బయటపడును.

ఒక్క కట్టుబాటు మాత్రము ముందే చెప్పవలసి యున్నది. విండోస్ ఎక్స్‌పికి రక్షణ సవరణలు పంపుటను దాని తయారీదారులు 8-4-2014తోను, విండోస్ 7కు 14-1-2020తోను నిలిపివేసిరి. కావున ఈ పని జరుగుచున్నంత సేపు పాత ల్యాప్‌టాపును అంతర్జాలమునకు తగిలింపరాదు. "ఈ-మెయిలులో పంపుకొందము, సులభముగా పోవును" అను సలహా ఎవరైన ఇచ్చిన దానిని మర్యాదగా త్రోసిపుచ్చవలెను.

తెఱచుటకు ముందు

ల్యాప్‌టాపును తిరుగవేసి చూడవలెను. అడుగుభాగము ఉబ్బియున్నను, మూత సరిగా మూసికొనకున్నను, లోపలి లిథియం బ్యాటరీ పొంగినదని అర్థము. అట్టిదానిని ఛార్జింగునకు పెట్టరాదు, నొక్కరాదు, సూదితో పొడువరాదు, అగ్నిప్రమాదము కలుగును. బ్యాటరీ ఊడదీయుటకు వీలైన నమూనా యైనచో దానిని తీసివేసి ఛార్జరుతోనే నడుపవచ్చును. పాత నమూనాలలో చాలవరకు ఇట్లు నడుచును.

యంత్రము తెఱచుకొనిన తరువాత తేదీని గమనింపవలెను. లోపల నాణెమువంటి చిన్న 3 వోల్టుల బ్యాటరీ ఒకటి యుండును; అది నీరసించినచో గడియారము వెనుకకు పోయి ఎప్పటిదో పాత తేదీ చూపును. ఆ స్థితిలో ఏదైన ఫైలును తెఱచి భద్రపఱచినయెడల దానిపై తప్పుడు తేదీ పడును. రేపు వివాదము వచ్చినపుడు, 2013లో వ్రాసిన తీర్మానముపై 2002 అని కనిపించినచో సమాధానము చెప్పుట కష్టము. ముందు తేదీ సరిచేయవలెను. పిమ్మటనే మిగిలిన పని. అట్లే, కొంతసేపు తాకకున్న ల్యాప్‌టాపు నిద్రలోనికి జాఱు ఏర్పాటును మాన్పవలెను. సగము నకలు జరుగుచుండగా యంత్రము నిద్రించినచో మరల మొదటికి రావలసి వచ్చును.

ఏ తీగ తగదు?

రెండు యంత్రములకును యు.ఎస్.బి. రంధ్రములున్నవి గదా, రెండువైపుల ఒకే రకపు కొసలు గల తీగను కొనితెచ్చి వానిని కలుపవచ్చునని పెక్కుమంది తలంతురు. ఇది కూడదు. యు.ఎస్.బి. పద్ధతిలో కంప్యూటరు యజమాని; పెన్ డ్రైవు, మౌసు, ప్రింటరు మొదలైనవి దాని యాజ్ఞకు లోబడునవి. రెండు కంప్యూటర్లను నేరుగా కలిపిన ఇద్దరు యజమానులగుదురు. ఎవరును ఎవరి మాట వినరు. అంతేకాక ఇరువైపులనుండియు 5 వోల్టుల విద్యుత్తు ఎదురెదురుగా వచ్చును గనుక రంధ్రములు చెడిపోవు ప్రమాదము కూడ కలదు. నడుమ చిన్న పెట్టెవలె ఉబ్బుగల ప్రత్యేకపు తీగలు కొన్ని దొరకును. వానికి రెండువైపుల పనిచేయు ప్రోగ్రాము కావలెను. లినక్సు ఉన్నచోట వానిని నమ్ముకొనుట మంచిది కాదు.

తెఱకు బొమ్మ పంపు తీగలు (వి.జి.ఎ., హెచ్.డి.ఎమ్.ఐ.) కూడ ఇందుకు పనికిరావు. రెండు యంత్రములలోను ఆ రంధ్రములు బొమ్మను బయటకు పంపునవియే గాని, లోనికి తీసికొనునవి కావు.

పెన్ డ్రైవు సంగతి

కాగితములు కొద్దిగా నున్నచో పెన్ డ్రైవు చాలును. తీగల యోజన అక్కరలేదు. కాని రెండు విషయములు గమనింపవలెను. పెన్ డ్రైవులు సామాన్యముగా ఫ్యాట్32 అను పద్ధతిలో సిద్ధము చేయబడియుండును. ఆ పద్ధతిలో ఒక్కొక్క ఫైలు 4 జి.బి.కి లోబడియే యుండవలెను. గ్రామసభను చిత్రించిన వీడియో అంతకు మించియున్న, డ్రైవులో ఎంత ఖాళీ యున్నను "స్థలము చాలదు" అను భావము వచ్చు మాట చూపి యంత్రము నిరాకరించును. అట్టిచో ఎన్.టి.ఎఫ్.ఎస్. పద్ధతిలో దానిని సిద్ధము చేయవలెను. పాత విండోసునకు, ఇటీవలి లినక్సునకు రెంటికిని అది తెలియును. ఇట్లు సిద్ధము చేయునపుడు డ్రైవులో అంతకుముందున్నదంతయు పోవునని మఱవరాదు.

రెండవది వైరసు. పాత ల్యాప్‌టాపులోనికి పెట్టిన పెన్ డ్రైవులో ఫోల్డర్లన్నియు మాయమై, వాని స్థానమున అవే పేర్లతో బాణపు గుర్తు గల చిన్న ఫైళ్లు కనిపించుట మన కార్యాలయములలో అనేకులెఱిగిన విషయమే. అసలు ఫోల్డర్లు పోలేదు, దాచబడినవి. కంగారుపడి ఆ బాణపు గుర్తులపై నొక్కరాదు, డ్రైవును తుడిచివేయరాదు. లినక్సు కంప్యూటరులో అదే డ్రైవును పెట్టి చూచిన అసలు ఫోల్డర్లు కనిపించును, ఆ వైరసు అక్కడ సామాన్యముగా నడువదు గూడ. కొత్త కంప్యూటరు వేఱు జాతిదగుట ఇక్కడ మనకు మేలే చేయుచున్నది.

ఈథర్నెట్ తీగ

కాగితములు ఎక్కువగా నున్నపుడు, ముఖ్యముగా స్కాన్ చేసిన రిజిస్టర్లు వేలకొలది యున్నపుడు, ఈథర్నెట్ తీగయే ఉత్తమము. 1973లో అమెరికాలోని జిరాక్సు పరిశోధనాలయములో రాబర్టు మెట్‌కాఫ్ ప్రభృతులు రూపొందించిన ఈ పద్ధతి యాబది యేండ్లుగా వేగము పెంచుకొనుచు వచ్చినదే గాని పాతవానిని విడువలేదు. ఇరువదేండ్ల నాటి ల్యాప్‌టాపునకును, నిరుడు కొనిన కంప్యూటరునకును సమముగా అర్థమగునది ఇదియే. టెలిఫోను కొసకంటె కొంచెము వెడల్పుగా నుండి, "టిక్" అను శబ్దముతో బిగిసికొను కొస గల తీగ యిది. లోపల ఎనిమిది సన్నని తీగలు జంటలు జంటలుగా మెలివేయబడియుండును. ఒక గది నుండి ఇంకొక గదికి కావలసినను భయము లేదు. 100 మీటర్ల వఱకు నడుచును.

పూర్వము రెండు కంప్యూటర్లను నేరుగా కలుపుటకు 'క్రాస్' తీగయని వేఱుగా కొనవలసి వచ్చెడిది. అందులో ఒకటి, రెండు స్థానములలోని తీగలు అవతలి కొసన మూడు, ఆఱు స్థానములకు మారియుండును. ఒకరు చెప్పునది మఱియొకరి చెవికి పోవుటకే ఈ మార్పు. నేటి కంప్యూటర్లు ఈ మార్పును తమంతట తాము చేసికొనును. రెంటిలో ఒకటి కొత్తదైన చాలును గనుక సాధారణపు తీగయే సరిపోవును. కొత్త యంత్రము పలుచని ల్యాప్‌టాపై ఆ రంధ్రము లేకపోయినచో, యు.ఎస్.బి.కి తగిలించు చిన్న అడాప్టరు దొరకును.

తీగ బిగించిన వెంటనే రంధ్రము ప్రక్కన చిన్న దీపము వెలుగవలెను. వెలుగకున్న ముందు తీగను మార్చి చూడవలెను గాని, కంప్యూటరు లోపలి అమరికలతో కుస్తీ పట్టరాదు.

ఇక చిరునామాలు. ఊరిలో ఇంటినంబరు లేని యింటికి ఉత్తరము చేరదు గదా! ప్రతి కంప్యూటరునకును ఒక సంఖ్య యుండవలెను. మామూలుగా ఇంటర్నెట్ పెట్టె, అనగా రూటరు, ఈ సంఖ్యలను పంచిపెట్టును. రెండు యంత్రములను నేరుగా కలిపినపుడు పంచువారుండరు గనుక మనమే వ్రాయవలెను. పాతదానికి 192.168.10.1 అనియు, కొత్తదానికి 192.168.10.2 అనియు, రెంటికిని ఉపజాల సంఖ్య 255.255.255.0 అనియు ఇచ్చిన చాలును. మొదటి మూడు భాగములు ఒకే వీథి పేరు వంటివి; చివరిది ఇంటినంబరు. వీథి వేఱైనను, ఇంటినంబర్లు రెండును ఒకటైనను మాట సాగదు. ఆపరేటరు సంఖ్యలు వ్రాయకయే "169.254" అని మొదలగు చిరునామా కనిపించినచో, పంచువారు లేక యంత్రము తానే ఒకటి కల్పించుకొనినదని గ్రహింపవలెను.

తీగలేని వైఫై ద్వారమున చేయరాదా యని అడుగుదురు. చేయవచ్చును, కాని పాత ల్యాప్‌టాపులకు 2018లో వచ్చిన వైఫై రక్షణ పద్ధతి తెలియదు, 5 గిగాహెర్ట్జ్ తరంగములు చాలవానికి వినిపించవు. కలిసినను వేగము తక్కువ. పాత ల్యాప్‌టాపులోని సాధారణపు ఈథర్నెట్ రంధ్రము సెకనుకు సుమారు 11 ఎం.బి. పంపగలదు; 40 జి.బి. కాగితములకు గంట పట్టును. ఆ కాలపు వైఫైతో అదే పనికి నాలుగు గంటలు పట్టవచ్చును. కరెంటు కోతలున్న ఊరిలో ఈ భేదము చిన్నది కాదు.

తీగ కలిసినను మాట కలియకున్న

ఇక్కడనే పెక్కుచోట్ల పని నిలిచిపోవును. విండోస్ యంత్రములు ఫైళ్లు పంచుకొనుటకు ఎస్.ఎం.బి. అను భాష మాటలాడును. లినక్సులో 'సాంబా' అను ప్రోగ్రాము ఆ భాషనే మాటలాడును. అయితే ఆ భాషకు పాత రూపము, కొత్త రూపము కలవు. విండోస్ ఎక్స్‌పికి మొదటి రూపము మాత్రమే తెలియును. విండోస్ 7కు రెండవ రూపము కూడ తెలియును. నేటి కంప్యూటర్లు మొదటి రూపమును మాటలాడుటకు నిరాకరించును.

ఈ నిరాకరణము అకారణము కాదు. 2017 మే 12న 'వానాక్రై' అను దుష్ట ప్రోగ్రాము ప్రపంచమంతట వ్యాపించి, కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళము వేసి, తీయుటకు సొమ్మడిగినది. బ్రిటనులో ఆసుపత్రుల పని స్తంభించినది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖ కంప్యూటర్లు కొన్ని కూడ దాని వాతబడినవి. అది ఒక యంత్రమునుండి ఇంకొక యంత్రమునకు ప్రాకినది ఈ ఎస్.ఎం.బి. మొదటి రూపములోని లోపము గుండానే. ఆ లోపమును పూడ్చు సవరణ రెండు నెలల ముందే, మార్చిలో, వెలువడినది; వేసికొనని యంత్రములే ఎక్కువగా నష్టపడినవి. అదే యేటి చివరి నుండి కొత్తగా అమర్చిన విండోస్ 10లో మొదటి రూపము సామాన్యముగా ఉంచబడుట లేదు. సాంబా 2019లో దానిని మూసివేసినది.

కావున పాత ల్యాప్‌టాపులో విండోస్ 7 ఉన్నచో ఈ చిక్కు లేదు. ఎక్స్‌పి ఉన్నచో రెండు మార్గములు. మొదటిది: కొత్త లినక్సు కంప్యూటరులో సాంబా అమరిక పత్రమున, అవతలివానితో మాటలాడుటకు అంగీకరించు కనిష్ఠ రూపము 'ఎన్.టి.1' అని తాత్కాలికముగా వ్రాసి, పని ముగిసిన నాడే ఆ పంక్తిని తీసివేయుట. రెండు యంత్రములకును నడుమ ఒక్క తీగ తప్ప మఱేమియు లేనపుడు, ఇంటర్నెట్ తీగ ఊడదీసి వైఫై ఆపి యుంచినపుడు మాత్రమే దీనిని చేయవలెను. పంక్తి తీసివేసినారా యని సభ్యులు తప్పక అడుగవలెను; అడుగనిచోట అది ఏండ్ల తరబడి అట్లే యుండిపోవును.

రెండవ మార్గము మాకు మఱింత నచ్చినది. లినక్సును ఒక పెన్ డ్రైవులో సిద్ధపఱచి, పాత ల్యాప్‌టాపును ఆ పెన్ డ్రైవు నుండియే మేల్కొలుపుట. లోపలి డిస్కుపై ఏమియు అమర్చకుండ, ఏమియు చెరపకుండ, ఆ పూటకు అది కూడ లినక్సు యంత్రమగును. విండోస్ మేల్కొనుటకే నిరాకరించు ల్యాప్‌టాపుల విషయములో సైతము ఇది పెక్కుమార్లు ఉపకరించును. అయితే ఇటీవలి లినక్సు ప్రతులు అనేకములు 32 బిట్ల పాత యంత్రములపై నడువవు. వానికి సరిపడు పాత ప్రతిని ఎన్నుకొనవలెను. "ఇన్‌స్టాల్" అను మాటపై మాత్రము చేయి పడరాదు. పడినచో డిస్కు తుడిచిపెట్టుకొని పోవచ్చును.

విండోస్ 7 ఉన్నచోట సైతము రెండు చిన్న అడ్డంకులు తఱచుగా కనిపించును. పాత ల్యాప్‌టాపునకు పాస్‌వర్డు లేకుండుట మొదటిది. పాస్‌వర్డు లేని ఖాతాను తీగ ద్వారమున వచ్చువారికి విండోస్ తెఱువదు. కొత్త కంప్యూటరు ఎన్నిసార్లు అడిగినను తలుపు మూసియే యుండును. ఏదో ఒక పాస్‌వర్డు పెట్టినంతనే తెఱచుకొనును. గంటలకొద్ది తల బ్రద్దలుకొట్టుకొనిన ఆపరేటర్లు ఈ ఒక్క మాట తెలియకయే కష్టపడియుందురు. రెండవది, తీగ తగిలించినపుడు "ఇది ఇల్లా, కార్యాలయమా, బహిరంగ స్థలమా" అని యంత్రము వేయు ప్రశ్న. బహిరంగ స్థలమని చెప్పినయెడల అది తన ఫైళ్లను ఎవరికిని చూపదు.

ఫోల్డరును పంచునపుడు చదువుటకు మాత్రమే అనుమతి ఈయవలెను, వ్రాయుటకు ఈయరాదు. పాత యంత్రము ఇచ్చుట, కొత్తది తీసికొనుట — ఈ దిశయే క్షేమము. పొరపాటున చేయి జాఱినను మూలప్రతి చెక్కుచెదరదు.

లెక్క సరిచూచుట

నకలు ముగిసినదని యంత్రము చెప్పిన మాత్రమున నమ్మరాదు. పాత ఫోల్డరులో ఎన్ని ఫైళ్లున్నవి, కొత్తదానిలో ఎన్ని యున్నవి, మొత్తము ఎన్ని బైట్లు — ఈ సంఖ్యలు అక్షరాల సరిపోవలెను. ఇందులో ఒక తమాషా కలదు. పాత విండోస్ యంత్రము 37.2 జి.బి. అని చూపినదానిని ఉబుంటు 40 జి.బి. అని చూపును. ఏదియు తప్పు కాదు. విండోస్ 1024 చొప్పున హెచ్చవేయును. ఉబుంటు 1000 చొప్పున హెచ్చవేయును. సేరు మారినది గాని ధాన్యము మారలేదు. అందుచేతనే జి.బి.లను గాక బైట్ల సంఖ్యను పోల్చవలెను. "డిస్కుపై ఆక్రమించిన పరిమాణము" అని వేఱుగా చూపు సంఖ్య రెండుచోట్ల ఎప్పుడును కలియదు, దానిని పట్టించుకొనవలదు.

అటుపై పది పదునైదు ఫైళ్లను ఏరి తెఱచి చూడవలెను. వర్డు, ఎక్సెల్ పాత ఫైళ్లు లినక్సులోని లిబ్రె ఆఫీసులో తెఱచుకొనును. కొన్ని ఊళ్లలో ఫాక్స్‌ప్రోలో చేయించుకొనిన పన్ను పట్టికలు కూడ దాని లెక్కల విభాగములో కనిపించును.

అక్షరము మారిపోవుట

అయితే తెలుగు కాగితములు తెఱచినంతనే కొన్నిటిలో తెలుగు లేకుండుట చూచి ఆపరేటరు నివ్వెఱపడును. తీర్మానము ఉండవలసినచోట ఇంగ్లీషు అక్షరములు, చుక్కలు, గీతలు కలగాపులగముగా కనిపించును. ఫైలు చెడిపోలేదు. ఒకప్పుడు మన కార్యాలయములలోను, ముద్రణాలయములలోను 'అను' మొదలగు ఫాంట్లతో తెలుగు టైపు చేసెడివారు. ఆ పద్ధతిలో ఫైలు లోపల నున్నది నిజమునకు తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరముల సంఖ్యలే. వానికి తెలుగు రూపము తొడిగినది ఆ ఫాంటు. నాటకములో రాజు వేషము వంటిది. వేషము తీసినంతనే అసలు మనిషి కనిపించును. కొత్త కంప్యూటరులో ఆ ఫాంటు లేదు గనుక వేషము జాఱినది.

ఇందుకు భిన్నముగా, 1991లో వెలువడిన యూనికోడు అను ఏర్పాటు తెలుగు లిపికి సొంతముగా 128 స్థానములను కేటాయించినది. అందులో 'క' అనునది ఏ దేశపు ఏ జాతి కంప్యూటరులోనైనను 'క' యే. నేడు ఫోనులో మనము వ్రాయు తెలుగు ఈ పద్ధతిలోనిదే. అకారాది క్రమములో పేర్లను పేర్చుమనిన సరిగా పేర్చును. 'అను' ఫైలును పేర్చుమనినచో ఇంగ్లీషు క్రమములో పేర్చి నవ్వు పుట్టించును.

అందుచేత పాత ల్యాప్‌టాపు ఇంకను నడుచుచుండగనే, ముఖ్యమైన తెలుగు కాగితములను అక్కడనే పి.డి.ఎఫ్. రూపములోనికి మార్చి, ఆ ప్రతులను కూడ కొత్తదానికి తేవలెను. పి.డి.ఎఫ్.లో ఫాంటు రూపము కాగితముతోబాటు ఇమిడి వచ్చును. ఎక్కడ తెఱచినను పుట ఆనాడు కనిపించినట్లే కనిపించును. విండోస్ 10కి పూర్వపు విండోసులలో ఈ సౌకర్యము సహజముగా లేదు. ఆ ల్యాప్‌టాపునకు సరిపడు పాత లిబ్రె ఆఫీసు ప్రతిని పెన్ డ్రైవులో తెచ్చి వేసికొనవచ్చును. దస్తావేజుగా నిలుచుటకు ఇది చాలును.

మరల దిద్దుకొనుచు వాడవలసిన పట్టికలను మాత్రము యూనికోడునకు మార్చవలెను. అందులకు మార్పిడి ప్రోగ్రాములు కలవు. అవి పుటలను క్షణములో మార్చును గాని ఒత్తుల దగ్గఱ తడబడుట కలదు. ఒక్క ఒత్తు జాఱిన 'రామయ్య' 'రామయ' యగును. పన్ను పట్టికలో పేరు మారిన ఇంటి యజమానియే మారినట్లు గదా! కావున మార్చిన ప్రతి పట్టికను, ఒకరు పాతదానిని చదువుచుండగా ఇంకొకరు కొత్తదానిని చూచుచు, పేరు పేరునను సరిచూడవలెను. ఈ పనికి కంప్యూటరు జ్ఞానముకంటె ఊరి జ్ఞానము ముఖ్యము. ఏ వీథిలో ఎవరున్నారో, ఏ ఇంటిపేరు ఎట్లు పలుకుదురో వార్డు సభ్యులకు తెలిసినట్లు ఆపరేటరుకు తెలియదు. వార్డునకొక సాయంకాలము కేటాయించిన చాలును.

ల్యాప్‌టాపు బొత్తిగా తెఱచుకొననిచో

యంత్రము చచ్చినను లోపలి హార్డ్ డిస్కు బ్రదికియుండుట తఱచుగా జరుగును. అడుగున నాలుగు మరలు తీసిన అది బయటకు వచ్చును. దానిని యు.ఎస్.బి.కి తగిలించు చిన్న పెట్టె కొనవలెను. సుమారు 2006కు పూర్వపు ల్యాప్‌టాపులలో సూదుల వరుస గల పాతరకము, తరువాతివానిలో పలుచని పట్టీవంటి కొస గల సాటా రకము ఉండును. డిస్కును చూపి దానికి తగిన పెట్టెనే అడుగవలెను. తగిలించినపుడు టక్కు టక్కుమను శబ్దము వచ్చినయెడల వెంటనే తీసివేయవలెను. మరల మరల ప్రయత్నించిన కొలది మిగిలినది కూడ పోవును; అప్పుడు నిపుణుల వద్దకే పోవలెను, అదియు కార్యదర్శి వెంటనుండగా.

పని ముగిసిన పిదప

ఏ తేదీన, ఎవరు, ఎన్ని ఫైళ్లు, ఎన్ని బైట్లు నకలు తీసిరో ఒక కాగితముపై వ్రాసి కార్యదర్శి సంతకముతో ఉంచవలెను. కొత్త కంప్యూటరులో ఒక ప్రతియు, దానికి తగిలింపక బీరువాలో ఉంచు వేఱొక డిస్కుపై ఒక ప్రతియు ఉండవలెను. కొన్ని నెలలు గడచి, అందఱి కాగితములు తెఱచుకొనుచున్నవని తేలిన పిమ్మటనే పాత ల్యాప్‌టాపు విషయము ఆలోచింపవలెను.

దానిని వేలము వేయునపుడు జాగ్రత్త అవసరము. ఫైళ్లను చెత్తబుట్టలో వేసి ఖాళీ చేసిన అవి పోవు. విషయసూచికలోని పేరు మాత్రమే కొట్టివేయబడును, పుటలు అట్లే యుండును. పింఛనుదారుల బ్యాంకు ఖాతాలు, ఆధారు నకళ్లు కొనినవాని చేతికి పోవును. డిస్కునంతను తిరిగి వ్రాసి తుడుచు ప్రోగ్రాముతో తుడిపించవలెను, లేదా డిస్కును తీసి ఉంచుకొని మిగిలినదానినే ఈయవలెను. పనికిరాని ల్యాప్‌టాపును పాత ఇనుపసామానువానికి అమ్మరాదు. 1-4-2023 నుండి అమలులోనున్న ఈ-వ్యర్థముల నిర్వహణ నియమములు, 2022 ప్రకారము అధికారము పొందిన పునర్వినియోగ సంస్థలకే అది చేరవలెను. ఉంచుకొనుటకు నిశ్చయించిన యెడల, ఛార్జరును దానితోనే కట్టి, పాస్‌వర్డును కార్యదర్శి ముద్రవేసిన కవరులో పెట్టి, బ్యాటరీని విడదీసి ఉంచవలెను.